నిడదవోలుకు కాలవ, యానాంకు హద్దు

నిడదవోలు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఐదేళ్ళే ఉంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన కొలువులో ఉన్న ఫ్రెంచి పటాలానికి జీతాలు చెల్లించలేక కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు సర్కార్లను ఆ పటాలం నాయకుడు బుస్సీ దొర చేతిలో పెట్టాడు. శిస్తు వసూలు చేసుకో, సైన్యాన్ని పోషించుకో అన్నది ఏర్పాటు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద పేలిన ఫిరంగులు ఆ పటాలానివే. మరుసటి ఏడు డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ చేతిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ చిత్తుగా ఓడిపోయాడు. 1759 ఏప్రిల్‌లో బందరు కోటా పోయింది. సర్కార్ల మీద ఫ్రెంచి పెత్తనం అంతటితో సరి. బందరులో ఫరాసుపేట అని ఒక పేట పేరు మాత్రం మిగిలింది.

ఆ ఓటమి మన వైపును ఎంత మార్చిందో రైలు దిగి కాలవ గట్టున నిలబడితే తెలుస్తుంది. ఇంగ్లీషు కంపెనీ వచ్చింది, కాటన్ వచ్చాడు, 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. విజ్జేశ్వరం దగ్గర తల తిప్పుకున్న గోదారి నీళ్ళు నిడదవోలు మీదుగా పశ్చిమ డెల్టాలోకి దిగాయి. లాకులు కట్టారు, పడవలు నడిచాయి. తర్వాత రైలొచ్చింది. 1900లో హావెలాక్ వంతెన మీద బళ్ళు నడిచాక మద్రాసు, కలకత్తా దారిలో ఊరు పడింది. భీమవరం, నరసాపురం వైపు లైను ఇక్కడే విడిపోవడంతో జంక్షన్ అయింది. ఈ ఊరికి ఉన్న బతుకంతా కాలవదీ, రైలుదీ.

ఇక్కణ్ణుంచి తొంభై కిలోమీటర్ల దూరంలో, గౌతమి ఒడ్డున, యానాం మాత్రం ఫ్రెంచివాళ్ళ చేతిలోనే 1954 దాకా ఉండిపోయింది. దానికి ఆనకట్టా లేదు, జంక్షనూ లేదు. రైలు ఇప్పటికీ ఆ ఊరికి వెళ్ళదు. దానికి దక్కింది ఒక హద్దు. గీతకు ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం. ఆ తేడా మీద మూడు వందల ఏళ్ళుగా ఒక ఊరు ఎలా పండించుకు తిన్నదన్నదే యానాం అసలు చరిత్ర. ఈఫిల్‌ను తలపించే టవరూ, బీచీ, విగ్రహాలూ నిన్నటివి.

ఈమధ్య మన వైపు కుర్రాళ్ళు ఆదివారాలు యానాం వెళ్ళి ఆ టవరు ముందు ఫోటోలు దిగి, ‘మినీ ఫ్రాన్స్’ అని పెడుతున్నారు. పాపం, వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు. అయితే యానాంలో ఫ్రెంచి వాసన కట్టడాల్లో వెతికితే దొరికేది తక్కువ. 1846 నాటి కేథలిక్ చర్చి ఉంది, పాత పరిపాలనా భవనం ఉంది, పేటల పేర్లలో కొంత ఉంది. పుదుచ్చేరిలోలా పసుపు గోడల వీధులు, బాల్కనీలు, రొట్టె కాల్చే బేకరీలు ఇక్కడ లేవు. ఇది ఎప్పుడూ తెలుగు ఊరే. మీసాల వెంకన్న గుడి ముందు నిలబడి ఫ్రాన్స్‌ను ఊహించుకోవడం ఎవరి తరమూ కాదు.

ఫ్రెంచివాళ్ళు ఇక్కడ దిగింది 1723లో. వ్యాపారం గిట్టక 1727లో ఎత్తేశారు, 1731లో మళ్ళీ వచ్చారు. వాళ్ళకు కావలసింది మన బట్ట. గోదావరి పాయల వెంట సాలెపేటల్లో నేసిన నూలుబట్టని కోరంగి రేవు మీదుగా ఓడల్లోకి ఎక్కించేవారు. పక్కనే ఇంజరంలోనూ నీలపల్లిలోనూ ఇంగ్లీషువాళ్ళు అదే బట్ట కోసం కాచుకుని ఉండేవారు. ఐరోపాలో యుద్ధం మొదలైనప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు యానాంను లాగేసుకోవడం, సంధి కుదిరాక తిరిగి ఇచ్చేయడం ఒక ఆనవాయితీ అయిపోయింది. 1814 పారిస్ సంధి తర్వాత గానీ ఊరు ఫ్రెంచివాళ్ళ చేతిలో కుదురుకోలేదు.

ఆ రోజుల్లో ఇక్కడ అధికారం చేసినవాళ్ళలో ఒకడి గురించి గోదావరి జిల్లాలవాళ్ళు తెలుసుకుని తీరాలి. పియర్ సొనరా. 1790 ప్రాంతంలో యానాంకు కమాండెంటు. అంతకుముందే తూర్పు దేశాలన్నీ తిరిగి, చెట్లనీ పిట్టలనీ బొమ్మలతో సహా పుస్తకాలకెక్కించిన ప్రకృతి శాస్త్రవేత్త. దక్షిణాదిలో తిరిగే బూడిదరంగు అడవికోడికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గాలస్ సొనరాటీ, ఈయన పేరే. సంక్రాంతి బరుల్లో కోడి రంగు చూసి నెమలి, డేగ, కాకి అని తేల్చి పందెం కట్టే గడ్డ మీద, కోడికి తన పేరు తగిలించుకున్న దొర ఉద్యోగం చేశాడన్నమాట.

యానాం చరిత్రలో చీకటి పేజీలూ ఉన్నాయి. 1828లో ‘లా టర్క్వాజ్’ అనే ఓడ యానాం నుంచి 15 మంది తెలుగు కూలీలను ఎక్కించుకుని హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవికి, అంటే ఇప్పటి రియూనియన్‌కు పోయింది. ఆ దీవికి ఒప్పందం మీద వెళ్ళిన మొదటి భారతీయ కూలీలు వీళ్ళే. బానిసల వ్యాపారం మీద నిషేధం వచ్చాక చెరకు తోటలకు చేతులు కావలసివచ్చాయి. కరువుకూ తుఫానుకూ చితికిన డెల్టా పల్లెల్లో ఆ చేతులు దొరికాయి. నేతగాళ్ళ బట్ట ఎగుమతైన రేవునుంచే మనుషులూ ఎగుమతయ్యారు. రియూనియన్ ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఒక జిల్లా. అక్కడి జనంలో మన తాతల నెత్తురు ఎంత కలిసిందో ఎవరూ విడదీసి చెప్పలేరు.

ఫ్రెంచివాళ్ళు యానాంకు నిజంగా ఇచ్చిన వింత వస్తువు ఓటు. 1871 నుంచి ఫ్రెంచి ఇండియాకు పారిస్ పార్లమెంటులో ఒక సభ్యుడుండేవాడు. ఆ ఎన్నికల్లో యానాం మగవాళ్ళకు ఓటుంది. గీతకు ఇవతల నీలపల్లిలో ఉన్న అన్నకు మద్రాసు గవర్నరు పేరు తెలిస్తే గొప్ప, అవతల ఉన్న తమ్ముడు పారిస్‌లో కూర్చునే మనిషిని ఎన్నుకునేవాడు. 1880లో మేయరు, మునిసిపల్ కౌన్సిల్ కూడా వచ్చాయి. ఈ మాట విని మురిసిపోనక్కరలేదు. యూరోపియన్లకు ఒక జాబితా, స్థానికులకు ఒక జాబితాగా ఓటర్లను విడగొట్టి, జనం తక్కువున్న జాబితాకే బలం ఎక్కువ ఉండేలా చూసుకున్నారు. పెట్టె దగ్గర లాఠీలు, రిగ్గింగులు ఫ్రెంచి ఇండియా ఎన్నికలకు మామూలే. అయినా ఓటనే మాట ఇవతలివాడికంటే ముందే ఇక్కడి తెలుగువాడి నోట్లో పడిందన్నది నిజం.

చట్టంలో తేడాను జనం తమ అవసరానికి వాడుకున్న ముచ్చటల్లో పెళ్ళిళ్ళ కథ గొప్పది. 1930 ఏప్రిల్‌లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమలులోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేస్తే నేరం. యానాంలో ఆ చట్టం లేదు. అంతే, చిన్న పిల్లలకు ముహూర్తాలు పెట్టుకున్న కుటుంబాలు పురోహితుణ్ణీ, బాజాలనూ వెంటేసుకుని పడవల్లో, బళ్ళలో యానాం దిగాయి. సత్రాలు, అరుగులు, అద్దె ఇళ్ళు పెళ్ళి పందిళ్ళయ్యాయి. ఊరికి కళ్యాణపురం అని పేరొచ్చింది. మా వైపు పాత కుటుంబాల్లో ముసలమ్మల పెళ్ళి ముచ్చట్లు వింటుంటే యానాం పేరు అప్పుడప్పుడూ దొర్లేది. వాళ్ళు సిగ్గుగా కాదు, ‘సముద్రం దాకా పోయి చేసుకున్నాం’ అన్నట్టు కొంచెం గొప్పగానే చెప్పేవారు. ఏ దేశంలోనైతే పౌరుల హక్కుల ప్రకటన పుట్టిందో ఆ దేశపు జెండా నీడన ఎనిమిదేళ్ళ పిల్లల మెడలో పుస్తెలు పడ్డాయి. అటు చట్టం చేసినవాళ్ళూ ఇటు చేయనివాళ్ళూ ఎవరూ అనుకుని ఉండరు, ఈ గీత ఇలా పనికొస్తుందని.

పెళ్ళి కాకపోతే సంత. యానాం మంగళవారం సంతకు మద్రాసు రాజధానిలోని తెలుగువాళ్ళు విదేశీ సరుకు కోసం వచ్చేవారు. సుంకం కట్టి వచ్చిందెంతో, కట్టకుండా వచ్చిందెంతో సంచి పట్టుకున్నవాడికే తెలియాలి. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక గీతకు ఇవతల మన కస్టమ్స్‌వాళ్ళు నిలబడ్డారు గానీ, పాయలూ మడ అడవులూ ఉన్న చోట గీత ఎక్కడుందో పడవకేం తెలుస్తుంది?

1954 జూన్ 13న ఆ గీత చెరిగింది. దడాల రఫేల్ రమణయ్య అనే యానాం మనిషి, ఒకప్పుడు ఫ్రెంచి పోలీసులోనే ఉద్యోగం చేసినవాడు, వాలంటీర్లను వెంటబెట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. మద్దింశెట్టి సత్యానందం వంటి ఊరి నాయకులు ముందున్నారు. ఫ్రెంచి జెండా దిగింది. అదే ఏడు నవంబరు 1న మిగతా ఫ్రెంచి ప్రాంతాలతో కలిపి పాలన భారతదేశం చేతికొచ్చింది. కాగితం మీద మాత్రం 1962 ఆగస్టు 16 దాకా యానాం ఫ్రాన్సుదే, పారిస్ పార్లమెంటు ఆమోదించడానికి అంత కాలం పట్టింది. అందువల్ల యానాం పిల్లలకు ఆగస్టులో రెండు జెండా పండగలు, పదిహేను ఒకటి, పదహారు ఒకటి. కాగితం మారినప్పుడు ఆరు నెలలు గడువిచ్చి, కావాలంటే ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అన్నీ కలిపి కొన్ని వేల మంది ఉంచుకున్నారు. సైన్యంలోనో కచేరీలోనో పనిచేసి పెన్షను ఉన్నవాళ్ళకు అది తేలిక. తక్కినవాళ్ళకు ఆ కాగితం ఏమిటో అప్పటికి తెలియలేదు. వాళ్ళ మనవలకు బాగా తెలిసింది.

ఫ్రెంచివాళ్ళు పోయారు గానీ గీత పోలేదు. పుదుచ్చేరితో కలిసి కేంద్రపాలిత ప్రాంతంగా ఉండిపోవడంతో అది రాష్ట్ర సరిహద్దయింది. ఫైలు కదలాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లు పైగా ప్రయాణం, హైకోర్టు మద్రాసు. అప్పుడూ పుదుచ్చేరే, ఇప్పుడూ పుదుచ్చేరే. దూరపు ప్రభుత్వంతో బాధలున్నా, దగ్గరి పన్నులు తప్పించుకునే వెసులుబాటూ ఉంది. యానాం మళ్ళీ తన పాత సేద్యం మొదలుపెట్టింది.

1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పుడు కోనసీమ, కాకినాడ వైపులవాళ్ళకు దారి ఒకటే కనిపించింది. అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు, పంటు మీద దాటాలి. నిషేధం 1997లో సడలింది గానీ ‘యానాం వెళ్ళొద్దాం రా బావా’ అన్న మాటకు అర్థం స్థిరపడిపోయింది. ఆ మాట అంటున్నప్పుడు పెదాల మీద వచ్చే ఆ ఓరనవ్వు ఇప్పటికీ పోలేదు. 2019 తర్వాత ఆంధ్రాలో ప్రభుత్వ దుకాణాలు పెట్టి, ధరలు పెంచి, తెలియని బ్రాండ్లు తెచ్చినప్పుడు యానాం దుకాణాలకు మళ్ళీ పండగొచ్చింది. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టరు వచ్చాయి. అప్పట్లో హైదరాబాదులో, ఇప్పుడు అమరావతిలో ఒక జీవో మీద సంతకం పడితే యానాంలో ఎవరి దుకాణం ఎలా నడుస్తుందో తేలిపోతుంది.

సరిహద్దు దగ్గర పెట్రోలు బంకును ఒక అరగంట గమనిస్తే ఈ ఊరి అర్థశాస్త్రం అంతా అర్థమవుతుంది. ఆంధ్రా నంబరు బైకు వస్తుంది, ‘ఫుల్ కొట్టండి’ అంటాడు, ట్యాంకు మెడ దాకా పోయించుకుని బండిని ఒకసారి అటూ ఇటూ ఊపి ఇంకో చుక్క పడుతుందేమో చూస్తాడు. వెనక టిప్పరు. ఆ వెనక పడవ ఇంజనుకు డీజిలు కోసం క్యాన్లతో వచ్చిన మనిషి. కార్లలో కొన్నింటికి పీవై-04 అని నంబరు. ఆ నంబరంటే యానాం రిజిస్ట్రేషను, లైఫ్ టాక్సులో తేడా. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి దేశమంతా ఒకే పన్ను అయినప్పుడు యానాం బతుకుదెరువులో సగం నేల జారిపోయింది. ఫ్రిజ్జులు, టీవీలు, చీరలు ఇక్కడ కొన్నా కాకినాడలో కొన్నా ఒకటే. జీఎస్టీ ముట్టుకోనివి పెట్రోలు, డీజిలు, మందు. ఊరు ఇప్పుడు ఆ మూడింటి మీద నిలబడి ఉంది. పెట్రోలును కూడా జీఎస్టీలో కలుపుతారన్న మాట పేపర్లో వచ్చినప్పుడల్లా యానాంలో గుండెలు ఒకసారి ఆగి కొట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

పన్ను రాయితీల కోసం ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి. 2012 జనవరి 27న రీజెన్సీ సిరామిక్స్ దగ్గర జరిగింది డెల్టా మొత్తం మరిచిపోలేదు. జీతాల గొడవ, లాఠీఛార్జి, కార్మిక నాయకుడొకరు చనిపోవడం, కోపంతో ఊగిపోయిన గుంపు చేతిలో కంపెనీ అధికారి చనిపోవడం, ఫ్యాక్టరీ తగలబడిపోవడం, అన్నీ ఒక్క రోజులో. తర్వాత ఏళ్ళ తరబడి తలుపులు మూసి ఉన్నాయి. వేల ఇళ్ళకు టైల్స్ ఇచ్చిన ఊళ్ళో వేల మంది కూలి లేక కూర్చున్నారు.

టూరిజం ముచ్చట ముదిరింది ఆ తర్వాతే. పావు శతాబ్దం ఎమ్మెల్యేగా, మంత్రిగా ఉన్న మల్లాడి కృష్ణారావు హయాంలో గోదారి గట్టు రూపం మారిపోయింది. ఫెర్రీ రోడ్డు వెంట నడక దారి, దీపాలు, రాజీవ్ బీచి, స్నానఘట్టం. శివలింగం, భరతమాత, ఏసుక్రీస్తు, మదర్ థెరిసా, అందరూ ఇక్కడ ఉన్నారు. గిరియాంపేటలో ఈఫిల్‌ను తలపిస్తూ నూరు మీటర్ల ఒబిలిస్క్ టవరు లేచింది. అసలు ఈఫిల్ 330 మీటర్లు. ఫ్రెంచివాళ్ళు ఉన్న 230 ఏళ్ళలో ఇక్కడ అలాంటిది కట్టాలని అనుకోలేదు. వాళ్ళు వెళ్ళిపోయిన అరవై ఏళ్ళకు మనమే కట్టుకున్నాం. నాకు అందులో వెక్కిరింపు కనబడదు. పాత తేడాలు ఒకటొకటే చెరిగిపోతుంటే, ఊరు తన తేడాను ఇనుముతో నిలబెట్టుకుంది. అమ్మడానికి చట్టం లేనప్పుడు ఆకారమైనా ఉండాలి కదా.

తమాషా ఏమిటంటే, ఆ ఆకారం ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నామో ఆ పారిస్ ఇప్పుడు వేరే ఊరైపోతోంది. సేన్ నది కుడి ఒడ్డున కార్లు దూసుకుపోయే రోడ్డును 2016, 17ల్లో మూసేసి నడిచేవాళ్ళకు ఇచ్చేశారు. 2020లో కరోనా సాకుతో ఊరి నడిబొడ్డున రివోలీ వీధిని సైకిళ్ళకు వదిలేశారు. 2023లో అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లు వద్దని జనం ఓటేశారు. 2024లో బరువైన ఎస్‌యూవీలకు పార్కింగు ఫీజు మూడింతలు చేశారు. ఎస్‌యూవీకి పీవై-04 నంబరు వేయించుకుని మురిసిపోయే మన బావలు ఇది వింటే ఏమంటారో. 1923 నుంచి నిషేధం ఉన్న సేన్‌లో 2025 జూలైలో జనం మళ్ళీ ఈత కొట్టారు. నదిని బాగుచేయడానికి ఒలింపిక్స్ పేరుతో కుమ్మరించిన డబ్బు సుమారు నూట నలభై కోట్ల యూరోలు. మనకు గౌతమి గట్టు మీద దీపాలు పెట్టడం వచ్చింది. నదిలో కలిసే మురుగు సంగతి చూడటం ఇంకా రాలేదు.

బాగున్నదంతా చెప్పుకుని వదిలేస్తే అబద్ధమవుతుంది. పారిస్ నగరంలో అద్దెలు కట్టలేక పిల్లలున్న కుటుంబాలు శివార్లకు పోతున్నాయి. జనాభా ఏటా తగ్గుతోంది, బళ్ళలో తరగతులు మూసేస్తున్నారు, ఇళ్ళు టూరిస్టులకు రోజు అద్దెకిచ్చే గదులవుతున్నాయి. మూల మీద కేఫేలో జింకు గల్లా దగ్గర నిలబడి కాఫీ తాగే పాత అలవాటు సన్నగిల్లుతోంది. 2022లో బగెత్ రొట్టెకు యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నారు. మామూలుగా ఒక తిండికి అలాంటి పట్టా తెచ్చుకోవలసి వచ్చిందంటే అది రోజువారీ బతుకు నుంచి జారుతోందని లోపల భయం ఉన్నట్టే. ఆత్రేయపురం పూతరేకుకు మనం భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నప్పుడు ఇలాంటి ఆలోచన ఎవరికైనా వచ్చిందో లేదో.

ఇంకో తేడా ఉంది. 1905 చట్టం ప్రకారం ఫ్రాన్స్‌లో ప్రభుత్వం బహిరంగ స్థలాల్లో మత చిహ్నాలు నిలబెట్టకూడదు. యానాం గట్టు మీద ప్రభుత్వం వరసగా దేవుళ్ళనూ దేవుడి మనుషులనూ నిలబెట్టింది, ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే తప్పన్నది మన లౌకికవాదం. వాళ్ళది ఎవరికీ పెట్టకపోవడం. అయినా పారిస్ ఉత్తరాన లా షపెల్ వీధుల్లో 1996 నుంచి ఏటా వినాయకుడి రథం కదులుతోంది. శ్రీలంక, పుదుచ్చేరి తమిళులు నడి రోడ్డు మీద కొబ్బరికాయలు రాశులు పోసి కొడతారు, ఫ్రెంచివాళ్ళు పిల్లల్ని భుజాలకెత్తుకుని చూస్తారు. ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న పుదుచ్చేరి కుటుంబాలు స్థిరపడిన సార్సెల్ వంటి శివార్లలో దోసె పెనం వేడెక్కని వీధి అరుదు. మారుతున్న ఫ్రెంచి నగర సంస్కృతిలో మనవాళ్ళ వాటా అది. ఇప్పుడు పారిస్ వెళ్ళే తెలుగువాళ్ళలో ఎక్కువమంది యానాం పేరు మీద వెళ్ళడం లేదు. హైదరాబాదులో వీసా తెచ్చుకుని బిజినెస్ స్కూళ్ళకు వెళ్తున్నారు.

యానాంలో మిగిలిన ఫ్రెంచి జ్ఞాపకాన్ని టవరు కంటే బాగా కాపాడింది పుస్తకాలు. ఆ ఊరి కవి బొల్లోజు బాబా పాత రికార్డులు తవ్వి ‘ఫ్రెంచి పాలనలో యానాం’ రాశారు. వెళ్ళేముందు అది చదివి వెళితే ప్రతి సందుకూ ఒక కథ తగులుతుంది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి చిన్నతనం గడిపింది ఈ వీధుల్లోనే. కవి శిఖామణిది ఈ ఊరే. తెలుగుకు ఇంత ఇచ్చిన ఊరు ఫ్రెంచికి ఏమిచ్చిందని అడిగితే జవాబు దొరకడం కష్టం.

వెళ్ళాలనుకుంటే నిడదవోలు నుంచి రెండు దారులు. రాజమండ్రి మీదుగా ద్రాక్షారామం చూసుకుని వెళ్ళొచ్చు. లేదా తణుకు, సిద్ధాంతం, రావులపాలెం, అమలాపురం, మురమళ్ళ మీదుగా ఎదుర్లంక చేరి, 2002 నుంచి ఉన్న బాలయోగి వారధి ఎక్కొచ్చు. రెండోదే అందంగా ఉంటుంది, గౌతమి ఎంతో వెడల్పుగా కనిపిస్తుంది. జనవరిలో ప్రజా ఉత్సవాలప్పుడు పూల ప్రదర్శన ఉంటుంది గానీ రద్దీ. వరదల కాలంలో వెళితే పులస వేలం చూడొచ్చు, కొనడం మాత్రం ఇంట్లో అడిగి కొనండి, పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ధరల ముందు చిన్నబోయింది. ట్యాంకు ఫుల్ చేయించుకోండి, అందులో తప్పులేదు. సీసాలు మాత్రం డిక్కీలో వేసుకుని రాకండి. వంతెనకు ఇవతల మన ఎక్సైజువాళ్ళు ఉంటారు, గీత ఎక్కడుందో వాళ్ళకు బాగా తెలుసు.